నేను లేని ఫొటోలు

మా అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నాచారంలో మా ఆల్బమ్ ల్యాబులో ఎవరిదో పెళ్లి ముందేసుకుని కూర్చున్నాను. నిజానికి అప్పటికి ఆమె నాకు అత్తమ్మ కాదు. విడాకుల కాగితాల మీద మా ఆయనా, నేనూ సంతకాలు పెట్టేశాం. ఆమె పెద్దకొడుకు మళ్లీ పెళ్లి కూడా చేసుకున్నాడు. ఫోన్‌లో ఆమె పేరు మార్చడానికి మాత్రం నాకు చెయ్యాడలేదు. తెర మీద ‘అత్తమ్మ’ అనే పడింది.

ఎలా ఉన్నావని అడగలేదు. ఆమెకు అలాంటి అలవాటు లేదు.

"ఇంట్ల ఫొటోలన్నీ నీ కంప్యూటర్లనే ఉన్నయట గద?" అంది.

"ఉన్నయ్ అత్తమ్మా."

"మా చిన్నోని పాపది బర్త్‌డే జేస్తున్నం. ఉప్పల్ల హాలు మాట్లాడినం. పుట్టిన కాడికెల్లి ఇప్పటిదాంక ఫొటోలు పెద్ద తెర మీద ఏస్తరట. పాప తల్లి, మీ చెల్లె, ఒక్కటే లొల్లి. జర పంపు."

"పంపుతా" అన్నాను. పాప ఫొటోలు నన్ను అడిగారు కదా అని ఒక్క క్షణం పిచ్చి సంతోషం కలిగింది.

"అన్నీ గాదు. నువ్వు లేనియి పంపు" అంది అత్తమ్మ. "కొత్తకోడలి తల్లిగారోళ్లు వస్తున్నరు. నలుగుట్ల తెర మీద నీ మొకం పడితే మంచిగుండదు గద. సదువుకున్నదానివి, నీకు నేను జెప్పాల్నా? ఒక్కటి గూడ ఉండొద్దు, సూస్కో."

"సరె అత్తమ్మా" అన్నాను.

"నీ గురించి రోజు ప్రార్థన జేస్తనే ఉన్న" అని ఫోన్ పెట్టేసింది.

నేను మళ్లీ పెళ్లి ఫొటోల్లో పడ్డాను. మా ల్యాబుకు ఉప్పల్, బోడుప్పల్ మొదలుకుని ఘట్‌కేసర్, అన్నోజిగూడ దాకా ఉన్న స్టూడియోల వాళ్లు పెళ్లి ఫొటోలు హార్డ్‌డిస్కుల్లో పంపిస్తారు. ఒక్కో పెళ్లికి ముగ్గురు నలుగురు ఫొటోగ్రాఫర్లు. అందరివీ ఒకే కుప్పగా వచ్చి పడతాయి. పసుపు వేరు, పెళ్లి వేరు, రిసెప్షన్ వేరు చేసి, పెళ్లికూతురి వైపు వాళ్లు, పెళ్లికొడుకు వైపు వాళ్లు అని విడదీస్తేగాని ఆల్బమ్ మొదలుపెట్టలేం. నేను చేరిన కొత్తలో ఆ పని మౌస్‌తో ఒక్కో ఫొటో లాగుతూ చేసేదాన్ని. సాయంత్రానికి మణికట్టు వాచేది. అప్పుడు అక్కడ పనిచేసే ఒక అన్న నాకు స్క్రిప్టు రాయడం నేర్పాడు. స్క్రిప్టు అంటే పెద్ద విద్యేమీ కాదు. ఈ ఫొటోలు చూడు, తీసిన తేదీ చూడు, ఆ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ చెయ్యి, అందులోకి కాపీ చెయ్యి అని కంప్యూటర్‌కు తెలిసే మాటల్లో నాలుగు వరుసలు రాసిపెట్టడం. ఎంటర్ నొక్కి చాయ్ తాగి వచ్చేసరికి కుప్ప అంతా ఎక్కడిదక్కడ సర్దుకుని ఉంటుంది. మనుషులను విడదీయడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక మొహం చూపిస్తే, ఆ మొహం ఉన్న ఫొటోల పేర్లన్నీ ఏరి ఇస్తుంది.

ఇంట్లో ఫొటోలన్నీ నా దగ్గరికి చేరింది కూడా ఈ విద్య వల్లే.

ఉప్పల్‌లో మాది ఉమ్మడి ఇల్లు. అత్తమ్మ, ఆమె ఇద్దరు కొడుకులు, మేమిద్దరం కోడళ్లం. నేను పెద్దదాన్ని. నా తోడికోడలు నాచారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో షిఫ్టు డ్యూటీలు చేసేది. నాకు పిల్లలు కాలేదు. ఆమెకు పెళ్లయిన ఏడాదిలోనే పాప పుట్టింది. పాప ఇంకా బోర్లా పడకముందే కరోనా వచ్చి అన్నీ మూసేశారు. పెళ్లిళ్లు ఆగి మా ల్యాబు మూతపడింది. నేను ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని చిన్నా చితకా పని చేసేదాన్ని. మందుల కంపెనీలకు మూత లేదు కాబట్టి తోడికోడలు మాత్రం రోజూ కంపెనీ బస్సులో డ్యూటీకి వెళ్లేది. అలా పాప నా చంకకెక్కింది. ల్యాబు మళ్లీ తెరిచాక కూడా దిగలేదు. నేను పొద్దుటి పూట మాత్రమే పనికి వెళ్లి, మధ్యాహ్నానికల్లా వచ్చేటట్టు మాట్లాడుకున్నాను. స్నానం నా చేతి మీదే, బువ్వ నా చేతి మీదే. పాప చెయ్యి నా జాకెట్ అంచు పట్టుకుంటేగాని నిద్రపోయేది కాదు.

పాప ఏం చేసినా ఎవరో ఒకరు ఫోన్ తీసేవారు, పక్కనే ఉంటాను కాబట్టి నేనూ పడేదాన్ని. అత్తమ్మ ఫోన్, మరిది ఫోన్, మా ఆయన ఫోన్, అన్నీ నిండిపోయేవి. "వదినే, నా ఫోన్ల జాగ లేదు, జర నీ కంప్యూటర్ల ఏయి" అని మరిది తెచ్చి ఇచ్చేవాడు. ఆదివారం చర్చికి, మా మాటలో గుడికి, పోయి వచ్చి, అన్నాలు తిన్నాక, అందరి ఫోన్లూ కంప్యూటర్‌కు తగిలించి స్క్రిప్టు నడిపేదాన్ని. సంవత్సరానికి ఒక ఫోల్డర్, దానిలో నెలకు ఒకటి. ఫోన్లలో ఉన్నవి తుడిచేసి ఖాళీ ఫోన్లు ఎవరివి వాళ్లకు ఇచ్చేదాన్ని. అత్తమ్మ కూడా అప్పట్లో వాడకట్టులో చెప్పుకునేది, మా పెద్దకోడలికి కంప్యూటర్ మస్తుగ వస్తదని.

తర్వాత నాకు రక్తస్రావం మొదలైంది. నెలలో సగం రోజులు మంచం మీదే. గడ్డలున్నాయని, గర్భసంచి తీసేయక తప్పదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ అయిన మర్నాడు బంధువులు దవాఖానాకు చూడ్డానికి వచ్చారు. వాళ్ల ముందే అత్తమ్మ అంది:

"ఎట్లాగూ ఖాళీ సంచేనాయె. ఉండీ లాభం లేదు, పోయీ నష్టం లేదు."

వచ్చినవాళ్లలో ఒకామె నవ్వాపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన నా కోసం తెచ్చిన బత్తాయి ఒలుస్తున్నాడు. తల్లి మాట విన్నాడు. ఒలవడం ఆపలేదు. ఒలిచి, ఒక్కో తొన తనే తిన్నాడు.

ఇంటికి వచ్చాక నన్ను ముందు గదిలో పడుకోబెట్టారు. పాప రెండో రోజు నుంచి నా దగ్గరికి రావడం మానేసింది. తలుపు పక్కన నిలబడి, అరచేత్తో ముక్కు మూసుకుని నన్ను చూసేది. "రా బిడ్డా" అంటే తల అడ్డంగా ఊపేది.

"ఎందుకు రావే?" అని అడిగాను.

"నీకు రోగముంది. దగ్గరికొస్తె అంటుకుంటదట" అంది పాప.

ఎవరు చెప్పారని అడగలేదు. వంటింట్లో అత్తమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది. నేను ఏమంటానో వింటోంది. నేను ఏమీ అనకపోయేసరికి చప్పుడు మళ్లీ మొదలైంది.

కుట్లు ఆరేదాకా చెంగిచెర్లలో మా అక్క దగ్గర ఉండి రమ్మన్నారు. బయలుదేరేముందు అత్తమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ప్రభువా, ఈ బిడ్డకు నెమ్మదినియ్యి, ఈ బిడ్డ దారి నువ్వే సూడు అని, కళ్లు మూసుకుని, గొంతు వణికించి. ఆమె వేళ్లు నెత్తిని గట్టిగా నొక్కుతుంటే నేను కూడా ఆమెన్ అన్నాను. నా దారి ఆమె అప్పటికే చూసేసిందని నాకు తెలియదు. మరిది ఆటోలో నా బట్టల సంచులు పెడుతుంటే, "గా కంప్యూటర్ గూడ ఏయిరా, ఇల్లు ఇరుకైతుంది" అంది. వద్దనడానికి నాకు కారణం కనపడలేదు. పని చేసుకోవచ్చు కదా అనుకున్నాను.

తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. నేను ఫోన్ చేస్తే, "ఇంకా జర కోలుకో" అనేవాడు మా ఆయన. తర్వాత ఎత్తడం మానేశాడు. చివరికి మా అక్క గొడవపెట్టి పెద్దలను కూర్చోబెట్టింది. ఉప్పల్ ఇంట్లోనే, నేను ఫొటోలు సర్దిన ముందు గదిలోనే కూర్చున్నారు. మా ఆయన తల ఎత్తకుండా ఒకే మాట అన్నాడు.

"నాకు పిల్లలు గావాలె. గంతే. ఆమె మీద నాకు కోపం లేదు."

కోపం లేదని చెప్పడం వాళ్లందరికీ ఎంతో మంచిగా వినపడింది. ఒక పెద్దమనిషి తల కూడా ఊపాడు. నా తోడికోడలు అందరికీ చాయ్ పోస్తూ తిరుగుతోంది. నా ముందుకు వచ్చినప్పుడు ఏమైనా అంటుందేమోనని మొహంలోకి చూశాను. గ్లాసు చేతిలో పెట్టి పక్కకు జరిగింది. పాపను ఆ రోజు పక్కింట్లో ఉంచారు. గోడ అవతల నుంచి దాని గొంతు వినపడుతూనే ఉంది.

ఆ తర్వాత కోర్టు, తిరుగుళ్లు, సంతకాలు. నేను ల్యాబులో మళ్లీ పూర్తి పనికి చేరాను. చెంగిచెర్ల నుంచి నాచారానికి రోజూ వెళ్లి రావడం అలవాటైపోయింది. అదిగో, ఆ రోజుల్లో వచ్చింది అత్తమ్మ ఫోన్.

మా అక్కకు చెబితే మండిపడింది.

"అడిగెటోళ్లకు సిగ్గు లేకపాయె. ఇచ్చెటానికి నీకన్న ఉండాలె గదనే! లెవ్వని జెప్పు. కరాబైనయని జెప్పు."

"అబద్ధమెందుకు? అడిగింది అడిగినట్టు ఇస్త" అన్నాను. "తక్కువ గాదు, ఎక్కువ గాదు."

అక్క నా మొహంలోకి అనుమానంగా చూసింది. నేను ఏడుస్తానని అనుకుంటోంది. నాకు ఏడుపు రావడం లేదు.

ఆదివారం అక్క గుడికి పోయాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌కు నా మొహం చూపించాను. అది పనిలో పడి, నేను ఉన్న ఫొటోల పేర్లన్నీ ఏరి వరుసగా ఇచ్చింది. తర్వాత స్క్రిప్టు రాశాను. పాత ఫోల్డర్లు ఎలా ఉన్నాయో అలాగే పెన్‌డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్లు చెయ్యి, సంవత్సరానికి ఒకటి, నెలకు ఒకటి. ఒక్కో ఫొటో చూడు. పేరు ఆ వరుసలో ఉంటే వదిలెయ్యి. లేకపోతే కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యి. రాసింది ఒకసారి చదువుకుని ఎంటర్ నొక్కాను. తెర మీద పేర్లు పరుగెత్తాయి. అనుకున్నదానికంటే ముందే ఆగిపోయాయి.

కొత్త ఫోల్డర్లు తెరిచి చూశాను. పాప పుట్టిన నెల నిండుగా ఉంది. దవాఖానాలో తల్లి పక్కన పాప, అత్తమ్మ ఒళ్లో పాప, తువ్వాలులో చుట్టిన పాప. రెండో నెలలో సగం ఉన్నాయి. ఆపైన ఒక్కో నెలా తెరుస్తూ పోతే, ఖాళీ. ఖాళీ. మళ్లీ ఖాళీ. స్క్రిప్టు ముందు ఫోల్డర్ చేస్తుంది, ఆ తర్వాతే కాపీ చేస్తుంది. కాపీ చేయడానికి ఏమీ దొరకకపోయినా ఫోల్డర్ మాత్రం అలా ఉండిపోతుంది.

పాప మొదటిసారి నడిచిన ఫొటో లేదు. అందులో ఈ చివరన పాప, ఆ చివరన చేతులు చాచి గొంతుక్కూర్చున్న నేను. మొదటి పుట్టినరోజు లేదు. ఆ రోజు తల్లికి సెలవు దొరకలేదు, పాప చేతిని నా చేతిలో పట్టుకుని కేకు కోయించాను. గుడిలో పాపను ప్రభువుకు ప్రతిష్ఠ చేసినప్పుడు తల్లిదండ్రులు, పాప ముందు నిలబడ్డారు. నేను ఎక్కడో వెనక వరుసలో గోరంత కనపడతాను. సాఫ్ట్‌వేర్ నన్ను అక్కడ కూడా పట్టుకుంది. మిగిలినవి ఏమిటంటే, కోయకముందు కేకు ఒక్కటే. క్రిస్మస్ నక్షత్రం ఒక్కటే. వంటింట్లో గ్యాస్ బండ మీద పిల్లి. నిద్రపోతున్న పాప. కళ్లు మూసుకుపోయిన అత్తమ్మ. బకెట్ పక్కన స్నానం చేస్తున్న పాప, నడుం చుట్టూ ఒక చెయ్యి. ఆ చెయ్యి నాదే. కానీ మొహం లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోలేదు.

ఫొటోలో మనిషిని తీసేయడం నాకు చేతనవును. ల్యాబులో అది రోజూ చేసే పనే. చెడిపోయిన సంబంధాల వాళ్లు, పోట్లాడుకున్న అన్నదమ్ములు, అడుగుతారు, తీసేస్తాం. వెనక గోడను కొంచెం పెంచితే చాలు, అక్కడ ఒక మనిషి ఉన్నట్టే తెలియదు. నేను కూర్చుంటే నన్ను అన్ని ఫొటోల్లోంచీ తీసేసి, పాపను ఒక్కదాన్నీ నడిపించి ఉండేదాన్ని. అత్తమ్మ అది అడగలేదు. నువ్వు లేనివి పంపు అంది. పంపాను. ఖాళీ ఫోల్డర్లను తీసేయడానికి ఒక్క వరుస రాస్తే సరిపోయేది. అది కూడా రాయలేదు. ఆ ఖాళీలు వాళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. అలా అనుకుంటే ఆపరేషన్ తర్వాత మొదటిసారి కడుపులో చల్లగా అనిపించింది.

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభం కింద మరిదికి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. హెల్మెట్ తీయలేదు, బండి ఇంజను ఆపలేదు.

"థ్యాంక్స్ వదినే" అని జేబులో వేసుకుని పోయాడు. పాప ఎలా ఉందని అడుగుదామని తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

పుట్టినరోజు అయిన కొన్నాళ్లకు, ఎండ చిటపటలాడుతున్న మధ్యాహ్నం, మా తోడికోడలు ల్యాబుకు వచ్చింది. వాచ్‌మన్ వచ్చి ఎవరో మీ చెల్లెలట అన్నాడు. నాకు చెల్లెళ్లు లేరు. ఎవరో అర్థమైంది. చేతిలో ఉన్న పేజీ పూర్తిచేసి, ఇంకో పేజీ కూడా పూర్తిచేసి అప్పుడు లేచాను. గేటు బయట నీడ లేదు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కంపెనీ టోపీ ఒత్తుకుపోయి నుదుటి మీద ఎర్రగా గీత పడింది. లోపలికి రమ్మనలేదు నేను.

"అక్కా, మంచిగున్నవా?" అంది.

"ఎందుకొచ్చినవ్?"

ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే చెప్పింది. నేను ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను పుట్టినరోజుకు ముందురోజే ఇంట్లో టీవీకి పెట్టి ఆమె ఒక్కతే చూసిందట. ఒక్కో నెలా నొక్కుతూ పోయిందట. పాప వచ్చి పక్కన కూర్చుంది. బకెట్ ఫొటో వచ్చినప్పుడు, ఈ చెయ్యి ఎవరిదమ్మా అని అడిగింది. ఆమెకు ఆ క్షణాన అబద్ధం ఆడాలనిపించలేదు. మీ ముందటి పెద్దమ్మది బిడ్డా అని చెప్పింది.

మర్నాడు హాలులో అందరూ కూర్చున్నాక తెర మీద ఫొటోలు వేశారు. ఏవి ఉంటే అవే తిప్పి తిప్పి వేశారు. కేకు, నక్షత్రం, పిల్లి. జనం నవ్వుకున్నారు. బకెట్ ఫొటో రాగానే పాప కుర్చీ ఎక్కి గట్టిగా అరిచింది.

"గది రోగం పెద్దమ్మ చెయ్యి!"

"రోగం పెద్దమ్మనా?" అన్నాను నేను.

తోడికోడలు తల దించుకుంది. "అత్తమ్మ గట్లనే అంటది అక్కా. పాప బువ్వ తినకుంటె, రోగం పెద్దమ్మను పిలుస్త, వచ్చి ఎత్తుకపోతది అని బెదిరిస్తది."

కొత్తకోడలి తల్లి, పెద్దమ్మ అనే మాట విని, తన కూతురినే అంటోందనుకుని మొహం ముడుచుకుంది. మా బిడ్డకు రోగమేంది అని అడిగింది. అత్తమ్మ నవ్వుతూ పాపను చంకనేసుకుని, వడ్డనలు జరుగుతున్న వైపు తీసుకుపోయింది. అక్కడ గిన్నెల వెనకాల చెంప మీద కొట్టింది. ఒకటి కాదు. పాప తల్లి వెనకే పరుగెత్తి చూసింది. అడ్డం మాత్రం పోలేదు. ఆ చెంపతోనే పాప చేత కేకు కోయించారు. ఫొటోగ్రాఫర్ పాపను ఇంకో పక్కకు తిప్పి నిలబెట్టాడట, వేళ్ల గుర్తులు కనపడకుండా.

"మిగిలినయి ఇయ్యి అక్కా" అంది. "నాకియ్యి. ఎవ్వరికి జూపియ్య. దాసుకుంట."

"నేనున్న గద వాటిల్ల."

"ఉంటె ఉండు. నా బిడ్డ గూడ ఉన్నది గద అక్కా! నేను డ్యూటీల పడి పొయిన. నా బిడ్డ నడుసుడు నేను సూడలే. పండ్లు వచ్చుడు సూడలే. నువ్వు సూసినవ్. ఫొటోలన్న సూస్త."

లారీ ఒకటి మా ఇద్దరి మీదా దుమ్ము పోసి పోయింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటే దుమ్ము తడికి మొహమంతా పట్టుకుంది. జాలి వేయలేదా అంటే వేసింది. అది వేసినకొద్దీ నాకు కోపం పెరిగింది.

"నన్ను ఎల్లగొట్టిన్నాడు నువ్వు ఏం జేస్తున్నవ్?" అన్నాను. "చాయ్ పోస్తున్నవ్. పాపకు నాది అంటుకునే రోగం అని జెప్పినప్పుడు ఎక్కడున్నవ్? గా ఇంట్లనే ఉన్నవ్. ఇప్పుడు అక్కా అక్కా అనుకుంట వస్తున్నవ్."

"నేనేం మాట్లాడగల్గుత అక్కా? నా మాట ఎవలింటరు?"

"సరె, ఇస్త" అన్నాను. ఆమె మొహం వెలిగింది. నేను ఆగి మిగతాది చెప్పాను. "పాపకు జూపియ్యాలె. దాసుకునుడు గాదు. ఈమెనే మీ పెద్దమ్మ, నిన్ను ఎత్తుకోని తిరిగింది, ఆమెకు ఏ రోగం లేదు అని నీ నోటితోని జెప్పాలె. జెప్తవా?"

ఆమె కాలి బొటనవేలితో దుమ్ములో గీస్తూ నిలబడింది. అవునని అబద్ధం చెప్పి తీసుకుపోవచ్చు. ఆ మాత్రం తెలివి కూడా లేదు ఆమెకు.

"అత్తమ్మ ఉన్నన్ని దినాలు ఎట్ల జెప్త అక్కా?"

"గట్లయితె అత్తమ్మ సచ్చినంక రా" అన్నాను.

ఆమె తల ఎత్తింది. ఏడుపు ఆగిపోయింది. నేను ఎప్పుడూ చూడని మొహంతో నన్ను నిదానంగా చూసింది.

"పిల్లలు లేనోళ్లకు కడుపుతీపి ఏం దెలుస్తది అని అత్తమ్మ అంటుంటె, గట్లనొద్దు, తప్పు అనుకుంటుంటి" అంది. "అత్తమ్మకు దెలుసు."

బ్యాగు భుజానికి వేసుకుని ఎండలో నడుచుకుంటూ పోయింది. నేను లోపలికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. పక్క సీటు అమ్మాయి, మీ చెల్లె అచ్చం మీ తీరే ఉంది మేడమ్ అంది. ఆ రోజు మిగిలిన పని మిగలకుండా చేశాను. ఒక్క తప్పు కూడా పోలేదు.

తర్వాత ఆమె అప్పుడప్పుడు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మరిది ఒక మెసేజ్ పెట్టాడు, పాప తల్లి అన్నం సరిగ్గా తినడం లేదు వదినే, జర పంపరాదూ అని. పంపలేదు. మా అక్క మొదట నన్ను మెచ్చుకుంది. కొన్నాళ్లు పోయాక ఆమే, "పోనియ్యే, దాని బిడ్డ ఫొటోలే గద" అనడం మొదలుపెట్టింది. నేను లేచి పక్క గదిలోకి పోయేదాన్ని. ఫొటోలు నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. నేను కూడా వాటిని తెరవడం లేదు. తెరిస్తే నేనే లొంగిపోయి పంపేస్తానని భయం.

అలా ఏడాది దాకా గడిచింది.

ఒక సాయంత్రం ఉప్పల్ మెట్రో దగ్గర ఆకాశవంతెన మీదికి పోయే లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకోబోతుంటే ఒక చిన్న చెయ్యి అడ్డం వచ్చింది. స్కూలు యూనిఫాంలో పాప, దాని వెనక ఆయాసపడుతూ ఒక నిండు చూలాలు. మా ఆయన రెండో పెళ్లి ఫొటోలు ఎవరో పంపగా చూశాను కాబట్టి ఆమె ఎవరో గుర్తుపట్టాను. ఆమెకు నన్ను గుర్తుపట్టే దారి లేదు. పాప సన్నగా సాగింది. ముందు పన్ను ఊడింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడిపోయాను.

పాప తల ఎత్తి నా మొహంలోకి నేరుగా చూసింది.

"ఆంటీ, జర జరుగుండ్రి. మా పెద్దమ్మకు జాగ గావాలె" అంది.

జరిగాను. గోడకు ఆనుకునేదాకా జరిగాను.

"ఏమనుకోకుండ్రి" అంది ఆమె నవ్వుతూ. మంచి నవ్వు. మొహంలో కల్లాకపటం లేదు. "దీనికి నోరు ఎక్కువ."

నేను ఊరుకుని ఉండాల్సింది. "మీ పాపనా?" అని అడిగాను.

"మా మరిది బిడ్డ. వాళ్లమ్మ డ్యూటీకి పోతది. ఇది నన్నిడిసి ఉండదు. నిద్రల గూడ నా జాకెట్ పట్టుకోనే పండుకుంటది."

పాప ఆమె వేలు పట్టుకుని ఊపుతూ, ఊడిన పంటి సందులో నాలుక పెట్టి ఆడుకుంటోంది. నన్ను ఇంకోసారి చూడలేదు. చూడాల్సిన పని దానికి లేదు. పైన తలుపులు తెరుచుకున్నాయి. "వస్తమండి" అంది ఆమె, పొట్ట మీద ఒక చెయ్యి వేసుకుని జాగ్రత్తగా దిగుతూ. పాప ముందు నడిచి, జనాన్ని పక్కకు జరగమంటూ ఆమెకు దారి చేసింది.

నేను కూడా అక్కడే దిగాలి. దిగలేదు. లిఫ్టు మళ్లీ కిందికి పోయింది. కొత్తగా ఎక్కినవాళ్లలో ఒకాయన మీటల దగ్గర చెయ్యి పెట్టి, "అమ్మా, దిగుతరా, పైకా?" అని అడిగాడు.

"పైకే" అన్నాను.